చూసిన వీడియోనే మళ్లీ చూడటం ఎలా

ముందుగా యూట్యూబ్‌లో మీ వీక్షణ చరిత్రను తెరిచి, గత నెల రోజులలో చూసిన వీడియోల పేర్లను పై నుంచి కిందికి చదువుకుంటూ వెళ్లండి. చాలావాటి పేరు చదివినా లోపల ఏముందో గుర్తుకు రాదు. కొన్నింటిని అసలు చూసినట్టే గుర్తుండదు. నాలుగైదు మాత్రం పేరు కనబడగానే ఒక దృశ్యాన్నో, ఒక మాటనో, ఒక చప్పుడునో మనసులోకి తెచ్చిపెడతాయి. ఈ వ్యాసం ఆ నాలుగైదింటి కోసం. మళ్లీ చూడదగిన వాటిని ఎలా గుర్తించాలి, రెండవసారి, మూడవసారి ఏమి చూడాలి, అవి చేజారిపోకుండా ఎలా దాచుకోవాలి అన్నది నా అనుభవంలో తేలినంత మేరకు వివరిస్తాను.

ఇష్టమైన వీడియో వేరు, మళ్లీ చూడదగిన వీడియో వేరు. ఒక హాస్య సన్నివేశాన్ని పదిసార్లు చూసినా నవ్వు వస్తుంది, కానీ అది అలసట తీర్చుకోవడం. దానికి పద్ధతి అక్కర్లేదు. నా లెక్కలో మళ్లీ చూడదగినదంటే, తీసినవారు వేలు పెట్టి చూపించనిది కూడా అందులో మిగిలి ఉండాలి. చారిత్రక ప్రాముఖ్యం ఒక్కటే ఇందుకు చాలదు. యూట్యూబ్‌లోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో ఇప్పటికీ అక్కడే ఉంది. సంస్థ స్థాపకులలో ఒకరైన జావేద్ కరీమ్ శాన్ డియేగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు చాలా పొడవని చెప్పే ఆ 19 సెకన్ల ముక్కను 2005 ఏప్రిల్ 23న ఎక్కించారు. ఒకసారి చూడవలసిందే. రెండవసారి చూస్తే మాత్రం అవే ఏనుగులు, అవే తొండాలు.

ఎంపికకు నేను రెండు పరీక్షలు పెడతాను. మొదటిది, శబ్దం పూర్తిగా తగ్గించి ఒక నిమిషం చూడటం, తరువాత ఫోనును బోర్లించి ఒక నిమిషం వినడం. బొమ్మ లేకపోయినా చెవికి, మాట లేకపోయినా కంటికి పని ఉన్న వీడియోలు తక్కువ. ఉన్నవాటిని వెంటనే పక్కన పెట్టుకోండి. రెండవది, ఒక్కొక్క దృశ్యం ఎంతసేపు కదలకుండా నిలుస్తుందో లెక్కపెట్టడం. రెండు సెకన్లకొకసారి కెమెరా మారిపోయే వీడియోలో మన కన్ను తనంతట తాను వెతుక్కునే తీరిక ఉండదు. చూపించినదే చూసి బయటికి రావాలి. ఇరవై ముప్పై సెకన్లు ఒకే చోట నిలిచే కెమెరా ఉన్నప్పుడు, మొదటిసారి ముఖం చూసినవారు రెండవసారి చేతులు చూడవచ్చు, మూడవసారి వెనుక గోడనూ చూడవచ్చు.

చేతిలో ఉండవలసిన పనిముట్లు

వీలుంటే మళ్లీ చూసేటప్పుడు ఫోను కాకుండా కంప్యూటరు వాడండి. యూట్యూబ్‌లో కె అక్షరం నొక్కితే వీడియో ఆగుతుంది, జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకు పోతుంది. అన్నింటికంటే విలువైనవి కామా, ఫుల్‌స్టాప్ గుర్తులు: వీడియోను ఆపి ఉంచి ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్క ఫ్రేము (వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రం) ముందుకు, కామా నొక్కితే ఒక్క ఫ్రేము వెనక్కి జరుగుతుంది. వీడియో మీద మౌసు కుడి మీట నొక్కితే వచ్చే పట్టికలో లూప్ అనే సదుపాయం ఉంటుంది. దానిని ఎంచుకుంటే వీడియో పూర్తయిన వెంటనే మళ్లీ మొదలవుతుంది. అదే పట్టికలో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అనే వింత పేరుతో ఒక వరుస కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని ఫ్రేములు నడుస్తున్నాయో అది చెబుతుంది. దాని అవసరం కాసేపట్లో వస్తుంది. ఫోనులోనే చూడక తప్పనివారు తెర కుడి, ఎడమ పక్కల రెండుసార్లు తట్టి ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు, సెట్టింగులలో వేగాన్ని పావు వంతుకు తగ్గించుకోవచ్చు. వీటితో పాటు ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు.

ఒక సుత్తి, ఒక ఈక

మళ్లీ చూడటం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వీడియో నాకు దొరకలేదు. నిడివి ఒక్క నిమిషం లోపే. 1971 ఆగస్టు 2న, చంద్రుని మీద తమ మూడవ నడక ముగింపులో, అపోలో 15 నాయకుడు డేవిడ్ స్కాట్ కెమెరాకు ఎదురుగా నిలబడి, కుడి చేతిలో రాళ్లు కొట్టే సుత్తినీ ఎడమ చేతిలో డేగ ఈకనూ పట్టుకుని, గెలీలియో పేరు తలచి, రెండింటినీ ఒకేసారి వదిలేస్తారు. రెండూ ఒకేసారి నేలను తాకుతాయి. వారు దిగిన నౌక పేరు ఫాల్కన్, అంటే డేగ. ఈక డేగదే కావడానికి కారణం అదే. సుత్తి బరువు 1.32 కిలోలు, ఈక బరువు 30 గ్రాములని నాసా నమోదు చేసింది.

మొదటిసారి మామూలుగా చూడండి, చూసి ఆశ్చర్యపడండి. రెండవసారి సుత్తిని పూర్తిగా వదిలేసి ఈకను మాత్రమే చూడండి. బొమ్మ మసకగా ఉంటుంది కనుక కొంచెం శ్రమ పడాలి. మనం చిన్నప్పటి నుంచి చూసిన ఏ ఈకా అలా పడదు. ఊగదు, తిరగదు, పక్కకు తేలిపోదు. గులకరాయిలా నిట్టనిలువుగా దిగిపోతుంది. గాలి లేదన్న మాటను పుస్తకంలో చదవడం వేరు, ఊగడం మరచిపోయిన ఈకను చూడటం వేరు. మూడవసారి కళ్లు మూసుకుని వినండి. స్కాట్ గొంతు వినిపిస్తుంది, సుత్తి నేలకు తగిలిన చప్పుడు మాత్రం వినిపించదు. ఆయన మాట శిరస్త్రాణం లోపలి మైకు నుంచి రేడియో ద్వారా భూమికి చేరింది. బయట చప్పుడును మోసుకురావడానికి గాలి లేదు. ఈ సంగతి ఆ వీడియోలో ఎవరూ చెప్పరు. నేను కూడా ఎన్నోసారి చూసినప్పుడో గాని గమనించలేదు.

నాలుగవసారి పెన్సిలు తీయండి. చేతులు విడిచిన ఫ్రేము దగ్గర వీడియోను ఆపి, ఫుల్‌స్టాప్ నొక్కుతూ, సుత్తి నేలను తాకేవరకు ఫ్రేములు లెక్కపెట్టండి. ఆ సంఖ్యను సెకనుకు నడిచే ఫ్రేముల సంఖ్యతో భాగిస్తే పడటానికి పట్టిన కాలం సెకన్లలో వస్తుంది. వదిలిన ఎత్తు సుమారు 1.6 మీటర్లు. ఎత్తును రెండుతో గుణించి, కాలాన్ని కాలంతో గుణించగా వచ్చిన దానితో భాగించండి: బడిలో చదివిన పాఠమే. కాలం 1.4 సెకన్ల దరిదాపుల్లో వస్తే సమాధానం 1.63 వస్తుంది, పుస్తకాలలో చంద్రుని గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం సెకనుకు పెరిగే తీరు, 1.62. సెకనుకు 30 ఫ్రేముల ప్రతి అయితే మీ లెక్క 40 పైచిలుకు ఫ్రేములు రావాలి. అదే ఎత్తు నుంచి భూమి మీద సుత్తి పడటానికి 0.57 సెకను చాలు, అంటే 17 ఫ్రేములు. వదిలిన క్షణం ఏ ఫ్రేములో ఉందో కచ్చితంగా తేల్చడం కష్టం కనుక నాకు ఒక్కొక్కసారి ఒక్కొక్క సంఖ్య వచ్చింది. రెండు ఫ్రేములు తేడా పడినా సమాధానం దాదాపు పదో వంతు మారిపోతుంది. మా ఇంట్లో పిల్లలకు ఆ తేడాయే ఎక్కువ ఉపయోగపడింది. ఒకరికి 39, మరొకరికి 43 రావడంతో కొలత అంటే ఏమిటి, పొరపాటు అంటే ఏమిటి అన్న తగువు అన్నం వేళ దాకా సాగింది.

అయిదవసారి దీనికి జంటగా మరొకటి చూడండి. 2014లో బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త బ్రయన్ కాక్స్ బీబీసీ కోసం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నాసా వారి అతి పెద్ద శూన్య గదిలో, ఒక బౌలింగ్ బంతినీ ఈకల గుత్తినీ పై నుంచి వదిలి చూపించారు. మొదట గాలి ఉండగా, తరువాత గాలి తోడేశాక. బొమ్మ అద్భుతమైన స్పష్టతతో ఉంటుంది. ఒక్కొక్క ఈక పోగు కనబడుతుంది. అయితే అది వేగం తగ్గించి చూపిన దృశ్యం కనుక అక్కడ ఫ్రేములు లెక్కపెట్టి ప్రయోజనం లేదు. అందులో చూడవలసింది అక్కడి ఇంజినీర్ల ముఖాలు. జరగబోయేది ఏమిటో లెక్క ప్రకారం తెలిసినవారే అయినా, జరిగినప్పుడు చిన్నపిల్లల్లా నవ్వుతారు.

రెండు ప్రసారాలను పక్కపక్కన పెట్టి

ప్రత్యక్ష ప్రసారాలను మళ్లీ చూసేవారు తక్కువ. ఫలితం తెలిసిపోయాక ఇంకేముందన్నది సాధారణమైన అభిప్రాయం. నిజానికి ఉత్కంఠ తీరిపోయాకే ప్రసారంలో ఉన్నది కనబడుతుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగిన ప్రసారాన్ని ఆ రోజు మనలో చాలామందిమి ఇంట్లోనో, కార్యాలయంలోనో, టీ కొట్టు ముందో గుంపుగా నిలబడి చూశాము. చూసింది నిజానికి పక్కవారి ముఖాలనే. ఇప్పుడు ఒంటరిగా కూర్చుని, 5 గంటల 44 నిమిషాలకు శక్తియుత అవరోహణ, అంటే ఇంజిన్ల సాయంతో వేగం తగ్గించుకుంటూ దిగడం, మొదలైన చోటికి జరుపుకోండి.

ఈసారి మనుషులను చూడకండి, అంకెలను చూడండి. దిగే నౌక విక్రమ్ సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 1.68 కిలోమీటర్ల అడ్డ వేగంతో ఉంటుంది. మొదటి ఘట్టమైన రఫ్ బ్రేకింగ్ 690 సెకన్లు సాగుతుంది. ఆ పదకొండున్నర నిమిషాలలో అడ్డ వేగం, ఎత్తు రెండూ తగ్గుతాయి గాని, ఒకే లయలో తగ్గవు. నిమిషానికొకసారి వీడియోను ఆపి ఎత్తు, అడ్డ వేగం, నిలువు వేగం అనే మూడు గళ్లలో రాసుకుంటే, దిగడమంటే కిందికి రావడం కాదనీ, ముఖ్యంగా పక్కకు పోయే ఊపును చంపుకోవడమనీ మీ చేతిరాతలోనే తేలుతుంది. ఆ ఘట్టం ముగిసే సరికి ఎత్తు ఏడున్నర కిలోమీటర్ల దరిదాపుకు వస్తుంది. ఆ తరువాత నౌక కాసేపు తన భంగిమను సరిచేసుకుంటుంది. చివరలో నేలకు 150 మీటర్ల ఎత్తున ఆగి, కింద రాళ్లు గుంటలు ఉన్నాయేమో తానే చూసుకుంటుంది. తొలిసారి చూసినప్పుడు ఆ నిశ్చలమైన క్షణాలలో మనకు గుండె ఆగినంత పని అయింది. ఇప్పుడు చూస్తే అది నౌక తన పని తాను చేసుకుంటున్న సమయం. 6 గంటల 4 నిమిషాలకు దిగింది.

ఇప్పుడు 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజాము నాటి చంద్రయాన్-2 ప్రసారాన్ని తెరవండి. చూడటానికి మనసొప్పదు, కాని ఈ రెండింటినీ వెంట వెంట చూడకుండా మొదటిది పూర్తిగా అర్థం కాదు. తెర మీద ముందుగా గీసి ఉంచిన దారి వెంట ఒక ఆకుపచ్చ చుక్క నడుస్తూ ఉంటుంది. చివరి నిమిషాలలో ఆ చుక్క గీత నుంచి పక్కకు తొలగి, ఆపై కదలకుండా నిలిచిపోతుంది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సవ్యంగానే సాగిందనీ, ఆ తరువాత సంకేతాలు తెగిపోయాయనీ అప్పటి ఇస్రో అధ్యక్షులు కె. శివన్ ప్రకటించారు. ఇక్కడ చూడవలసినది ప్రకటన కాదు, దానికి ముందున్న నిశ్శబ్దం. చుక్క ఆగిన క్షణాన్నీ, గదిలో మొదటి తల పక్కకు తిరిగిన క్షణాన్నీ రాసుకోండి. చప్పట్లకు సిద్ధంగా ఉన్న చేతులు ఎప్పుడు ఒళ్లోకి దిగాయో చూడండి. తరువాత మళ్లీ 2023 ప్రసారంలో అదే ఘట్టానికి వెళితే, ప్రతి దశ దాటినప్పుడు వినిపించే చప్పట్లు అంత క్లుప్తంగా ఎందుకు ఆగిపోతున్నాయో వేరుగా చెప్పనక్కర్లేదు. ఆ గదిలో ఉన్నవారికి నాలుగేళ్ల నాటి చుక్క గుర్తుంది.

వంటల వీడియోలో నీడ

వంటల వీడియోను రెండవసారి చూసేది సాధారణంగా కొలతల కోసం. గుంటూరు జిల్లాలో తెనాలికి దగ్గరలోని గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ గారి వీడియోలలో ఆ వీలు లేదు, ఎందుకంటే అక్కడ కొలతలే లేవు. ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి కంట్రీ ఫుడ్స్ అనే ఛానెల్‌లో పెట్టిన ఆ వంటలు వందేళ్లు దాటిన ఆమెను ప్రపంచానికి పరిచయం చేశాయి. పుచ్చకాయలో వండిన కోడికూర వాటిలో బాగా పేరు పొందింది. 2018 చివరలో ఆమె కన్నుమూశారు. 107 ఏళ్లని చెప్పేవారు.

ఈ వీడియోలను నేను మూడు విధాలుగా చూస్తాను. ఒకసారి ఆమె కుడి చేతిని మాత్రమే. ఉప్పు పిడికిలిలోకి తీసుకుని, కుండ మీద చేయి తిప్పుతూ జారవిడిచి, చాలనుకున్న చోట వేళ్లు బిగిస్తారు. చెంచాకు ఎంత పట్టిందన్నది కాదు, వేళ్లు ఎప్పుడు బిగుసుకున్నాయన్నది అక్కడి కొలత. మీరు వంట చేసేవారైతే మీ చేతిలోని ఉప్పును కూడా అలా ఒకసారి గమనించి చూడండి. రెండవసారి కళ్లు మూసుకుని విన్నప్పుడు, తాలింపులో ఆవాలు చిటపటమనడం వరకు అందరికీ తెలుస్తుంది. ఆ తరువాత పడిన ఉల్లిపాయల చప్పుడే అసలు పాఠం. నీరున్నంతసేపు సుయ్‌మని గట్టిగా మోగి, నీరు ఇగిరిపోతున్న కొద్దీ సన్నబడి, నూనె చప్పుడు ఒక్కటే మిగులుతుంది. బంగారు రంగు వచ్చేవరకు వేయించాలని పుస్తకాలు రాసేది ఈ మార్పునే. రంగు కంటే ముందు చెవికి తెలుస్తుంది.

మూడవసారి నీడలు చూడాలి. ఆరుబయట, కట్టెల పొయ్యి మీద వండే వంటలలో వీడియో కూర్పు చేసినవారు మధ్యలో ఎంత కాలాన్ని కత్తిరించారో మాటల్లో చెప్పరు. పది నిమిషాల వీడియోలో కూర పది నిమిషాలలో ఉడికినట్టే ఉంటుంది. కాని మూత పెట్టేటప్పుడు కుండ పక్కన నేల మీద పడిన నీడ ఎటు ఉందో, మూత తీసేటప్పుడు ఎటు తిరిగిందో చూస్తే, ఆ రెండు దృశ్యాల నడుమ ఎంతసేపు గడిచిందో ఊహించవచ్చు. పొయ్యిలో కట్టె ఎంత కాలి లోపలికి జరిగిందో చూసినా అదే తెలుస్తుంది. వీడియో చూసి వండితే ముక్క ఉడకలేదని విసుక్కునే వారికి ఈ ఉపాయం ఒకటి సరిపోతుంది.

ఇదే కోవలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు చెందిన జాన్ ప్లాంట్ 2015 నుంచి ప్రిమిటివ్ టెక్నాలజీ పేరుతో పెడుతున్న వీడియోలు కూడా చూడవచ్చు. అడవిలో, తాను అక్కడే చేసుకున్న రాతి గొడ్డలి, మట్టి కుండ తప్ప మరో పరికరం లేకుండా గుడిసెలు, కొలుములు, బంకమన్ను పెంకుల కప్పులు కడతారు. ఆయన ఒక్క మాటా మాట్లాడరు. చాలామంది గమనించనిది ఏమిటంటే, క్యాప్షన్లు పెట్టుకుంటే ప్రతి పనికీ వివరణ రాసి ఉంటుంది. కనుక మొదటిసారి క్యాప్షన్లు లేకుండా చూసి, ఇది ఎందుకు చేస్తున్నాడో మీరే ఊహించి రాసుకుని, రెండవసారి క్యాప్షన్లతో సరిచూసుకోవాలి. మన్ను పిసికేటప్పుడు కాల్చిన పాత పెంకుల పొడి ఎందుకు కలుపుతున్నాడని నేను చాలాసేపు తికమకపడ్డాను. కుమ్మరి ఆవం దగ్గర పెరిగిన మిత్రుడొకరు తెర వైపు ఒకసారి చూసి, ఆరేటప్పుడు పగలకుండా ఉండటానికని చెప్పేశాడు. అలాంటి వీడియోను పని తెలిసినవారి పక్కన కూర్చుని చూడటం కూడా ఒక విధానమే. కర్రను కర్ర మీద చిలికి నిప్పు పుట్టించే చోట మా పెద్దలు యజ్ఞాలలో నిప్పు పుట్టించే అరణిని గుర్తు చేసుకున్నారు.

కచేరీకి వేళ్ల మీద లెక్క

కర్ణాటక సంగీతంలో ప్రవేశం లేనివారికి కూడా మళ్లీ చూడటం పనికివస్తుంది. నిజానికి ప్రవేశానికి అదే దగ్గర దారి. ప్రసార భారతి వారు ఎక్కించిన దూరదర్శన్ పాత రికార్డింగులలో కెమెరా తొందరపడదు కనుక అవి ఇందుకు అనువైనవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి విద్వాంసుల కచేరీలలో ఆదితాళంలోని ఒక కృతిని తీసుకోండి. మొదటిసారి గాయకుణ్ణి వినండి. రెండవసారి మీ చేతితో తాళం వేయండి: తొడ మీద ఒక దెబ్బ, తరువాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపై దెబ్బ, అరచేయి తిప్పడం, మళ్లీ దెబ్బ, మళ్లీ తిప్పడం. మొత్తం ఎనిమిది. తప్పిపోతే సిగ్గుపడనక్కర్లేదు, జె నొక్కితే పది సెకన్లు వెనక్కి పోతుంది. కచేరీ హాలులో ఆ సౌకర్యం లేదు. పల్లవి ప్రతిసారీ దెబ్బ మీదే మొదలు కావడం లేదనీ, కొన్ని కృతులలో కొంచెం ఆగి ఎత్తుకుంటున్నారనీ మీ చేతికి తెలిసిన రోజు మీరు ఆ వీడియోను నిజంగా చూసినట్టు.

మూడవసారి వయొలిన్ వాయించేవారిని మాత్రమే చూడండి. రాగాలాపన సాగుతున్నంతసేపు వారికి ముందుగా రాసి ఇచ్చినదేదీ ఉండదు. గాయకుని గొంతు నుంచి వచ్చిన దానిని ఒక్క ఊపిరి వెనుకగా అందుకుంటూ పోవాలి. వారి కళ్లు ఎటు ఉన్నాయో, విల్లు ఎప్పుడు తీగ మీద ఆగి ఎదురు చూస్తుందో గమనిస్తే, కచేరీ అంటే ఒకరి పాట కాదన్నది బోధపడుతుంది. నాలుగవసారి తని ఆవర్తనం ఒక్కటే, అంటే మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం. ఇంతకంటే నేను చెప్పబోతే సంగీతజ్ఞులు నవ్వుతారు.

మాటల వీడియోలకు ఒక్క ఉదాహరణ చాలు. 1983లో బీబీసీ కోసం చిత్రీకరించిన సంభాషణలలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌ను, రెండు అయస్కాంతాలు ఎందుకు వికర్షించుకుంటాయని అడుగుతారు. ఆయన సూటిగా చెప్పకుండా, మంచు మీద జారిపడి ఆసుపత్రికి వెళ్లిన ఒక పెద్దమ్మ కథ ఎత్తుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు పెద్దమనిషి తప్పించుకుంటున్నాడని నాకు కోపం వచ్చింది. రెండవసారి వీడియో కింద దొరికే ట్రాన్స్‌క్రిప్ట్‌ను తెరిచి, ఆయన ఎన్నిసార్లు ఎందుకు అన్నారో, ప్రతి ఎందుకు దగ్గర ఏ విషయాన్ని ఇద్దరూ ముందే ఒప్పుకుని ముందుకు కదిలారో గీతలు గీసుకుంటూ చదివాను. అప్పుడు ఆ పెద్దమ్మే జవాబని తెలిసింది. మాటల మీద నడిచే ఏ వీడియోనైనా, అది ప్రవచనం కానివ్వండి, పాఠం కానివ్వండి, రెండవసారి చూడటం కంటే రెండవసారి చదవడం మేలు.

దాచుకునే పద్ధతి

చాలా ఏళ్ల క్రితం ఒక హరికథ రికార్డింగు దొరికింది. ఎవరో తమ ఇంట్లోని పాత క్యాసెట్టు నుంచి ఎక్కించినది, రెండు గంటల పైచిలుకు నిడివి. నాలుగైదుసార్లు విన్నాను, ప్లేలిస్టులో పెట్టుకున్నాను, ఇక నాదే అనుకున్నాను. ఒక రోజు తెరిచి చూస్తే ఆ వరుసలో బూడిదరంగు పెట్టె ఒకటి, వీడియో అందుబాటులో లేదన్న మాట ఒకటి మిగిలాయి. ఎక్కించినవారు తొలగించినట్టున్నారు. అసలు దుఃఖం ఏమిటంటే, చెప్పిన భాగవతారు పేరు గాని, వీడియో శీర్షిక గాని నేను ఎక్కడా రాసుకోలేదు. మరొక చోట వెతుకుదామన్నా ఏమని వెతకాలో తెలియలేదు. ప్లేలిస్టు తాళం లేని పెట్టె. దానిని నమ్ముకున్నది నా పొరపాటే.

అప్పటి నుంచి ప్రతి వీడియోకూ నోటు పుస్తకంలో ఒక పేజీ కేటాయిస్తున్నాను. పైన శీర్షిక ఉన్నది ఉన్నట్టుగా, ఛానెల్ పేరు, ఎక్కించిన తేదీ, అందులో కనిపించేవారి పేర్లు. కింద నేను చూసిన తేదీలు, ఒక్కొక్క తేదీ ఎదురుగా ఆ రోజు కొత్తగా కనబడినది ఒక్క వాక్యం. కొత్తది ఏమీ కనబడకపోతే గీత పెడతాను. ముఖ్యమైన ఘట్టం ఉన్న నిమిషం, సెకను కూడా రాసుకుంటే వెతుకులాట తప్పుతుంది. కంప్యూటరులో కుడి మీట పట్టికలోనే ఆ క్షణం నుంచి మొదలయ్యే లింకును తీసుకునే వీలుంది, దానిని మీకు మీరే పంపుకోవచ్చు. ప్లేలిస్టును మాత్రం ప్రైవేటుగా ఉంచుకోండి. పదిమందికి చూపించాలనుకున్న జాబితాలో తెలియకుండానే పదిమందికి నచ్చేవి చేరిపోతాయి.

ఒకే వారంలో ఒకే వీడియోను నాలుగుసార్లు చూడటం వృథా. మొదటి రెండు చూపులకు మధ్య ఒక రోజు చాలు; ఆ తరువాత నెల, ఆపై ఆరు నెలలు విడవాలి. మరచిపోవడానికి కొంత వ్యవధి ఇవ్వకపోతే కన్ను పాత దారినే నడుస్తుంది. ప్రతిసారీ ప్లే నొక్కే ముందే ఈసారి ఏమి చూడబోతున్నారో పేజీలో ఒక ముక్క రాసుకోండి: ఈక, చేయి, నీడ, విల్లు, ఏదైనా సరే. ఏమీ తోచకపోతే ఆ రోజుకు మానేయండి. పిల్లలతో చూసేటప్పుడు మాత్రం ఏమి చూడాలో చెప్పకండి. చూశాక వారికి ఏమి కనబడిందో అడిగి, దానిని వారి పేరుతో మీ పేజీలో రాయండి. చంద్రయాన్ ప్రసారంలో గోడ మీది గడియారాలు ఎన్ని ఉన్నాయన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని వివాదం.

నా జాబితాలో పన్నెండుకు మించి ఉంచను. పదమూడవది రావాలంటే ఒకటి పోవాలి, ఏది పోవాలన్నది పేజీలోని గీతలే చెబుతాయి. వరుసగా మూడు గీతలు పడిన వీడియో ఎంత ఇష్టమైనదైనా తీసేస్తాను. మొన్న అలా పోయింది మెరుపులను అతి నెమ్మదిగా చూపించే ఒకటి. చాలా అందమైనది, చాలామందికి పంపాను కూడా, కాని నాలుగేళ్లలో నా పేజీలో దాని కింద చేరినవి రెండే వాక్యాలు. ఖాళీ అయిన చోట తాడు పేనే ఒక ముసలాయన వీడియో పెట్టాను. ఏడు నిమిషాలు, కెమెరా కదలదు, మాటల్లేవు. ఇప్పటికి ఒక్కసారే చూశాను. రెండవసారికి ఆయన ఎడమ కాలి బొటనవేలు అని రాసి పెట్టుకున్నాను.